అడిగి చేసిన ఆపరేషన్

2021లో, వానలు వెనక్కి తగ్గుతున్న రోజుల్లో మొదలైన కేసు ఇది. బందరు రోడ్డు మీద పోరంకి దాటాక ఒక మేడ కింది భాగంలో ఉంది నా క్లినిక్. ముందు గదిలో బెంచీలు, లోపల పరీక్ష బల్ల, దాని వెనక ఆపరేషన్ గది. గన్నవరంలో పశువైద్యం చదువుకుని కొన్నేళ్ళు ఊళ్ళమ్మట గేదెలకీ ఆవులకీ వైద్యం చేశాను. తరవాత పెంపుడు కుక్కలూ పిల్లుల వైపు వచ్చాను. విజయవాడ పెరుగుతూ పెరుగుతూ ఇటు కంకిపాడు దాకా వచ్చేసింది. వరిచేల పక్కన అపార్ట్‌మెంట్లు లేచాయి. వాటితోపాటే లాబ్రడార్లూ, పామరేనియన్లూ, పగ్గులూ వచ్చాయి.

ఈ వృత్తిలో నన్ను అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. "మా కుక్కకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఎప్పుడు చేయించమంటారండీ?" ఆడకుక్కకి చేసేదాన్ని స్పేయింగ్ అంటాం. గర్భసంచినీ, అండాశయాలనీ తీసేస్తాం. మగకుక్కకి చేసేది న్యూటరింగ్, అంటే వృషణాలు తీసేయడం. ఎప్పుడు చేయాలన్నదానికి ఒక్క ముక్కలో జవాబు లేదు. చిన్న జాతి ఆడకుక్కలకైతే మొదటిసారి ఎదకు రాకముందే చేసేయవచ్చు. అలా చేస్తే ముందుముందు రొమ్ము గడ్డలు వచ్చే అవకాశం బాగా తగ్గుతుంది. పెద్ద జాతులకి ఎముకలూ కీళ్ళూ గట్టిపడటానికి ఆ హార్మోన్లు కొన్నాళ్ళు కావాలి గనక ఏడాది, ఏడాదిన్నర ఆగమంటాం. ఎదలో ఉండగా చేయకూడదు, రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి. ఎద ముగిసిన వెంటనే కూడా వద్దు. రెండు మూడు నెలలు గడిచి ఒళ్ళు కుదుటపడ్డాక చేయడం మంచిది. ఇవన్నీ చూసుకుని ఒక నెల చెబుతాను. ఎక్కువమంది సరేనని వెళ్ళి ఆ నెలలో వస్తారు.

ఆ రోజు ఉదయం స్టెల్లా అనే అమ్మాయి వాళ్ళ అమ్మతో కలిసి వచ్చింది. స్టెల్లా విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు, అక్కడే హాస్టల్లో ఉంటుంది. తల్లి పేరు సుగుణమ్మ గారు. నలభై దాటిన మనిషి, బక్కపలచగా, కాస్త ముందుకు వంగి నడుస్తారు. కంకిపాడు అవతల ఒక చిన్న ఊళ్ళో కాపురం. భర్త ప్రకాశం గారు కౌలుకి వరి, మినుము వేస్తారు. ఆవిడా పొలం పనికి వెళ్తారు. వాళ్ళతో వచ్చింది జూలీ, నాలుగేళ్ళ ఆడ లాబ్రడార్, బెల్లం రంగు. స్టెల్లా ఆసుపత్రిలో పనిచేసే ఒక డాక్టరు ఊరు మారుతూ పిల్లగా ఉన్నప్పుడు ఇచ్చి వెళ్ళారట. హాస్టల్లో పెంచడం కుదరక స్టెల్లా దాన్ని ఊళ్ళో దింపింది. అప్పటినుంచీ అది సుగుణమ్మ గారిదే అయింది.

"డాక్టరమ్మ గారూ, దీనికి పాలు పడ్డాయండీ. మగకుక్కని దగ్గరికి రానిచ్చింది కూడా లేదు" అంది స్టెల్లా.

"మంచం కింద చేరిందమ్మా" అన్నారు సుగుణమ్మ గారు నాతో. "మా ఆయన తువ్వాలొకటీ, నా చెప్పొకటీ తీసుకొచ్చి పొట్ట దగ్గర పెట్టుకుంది. వాటిని నాకుతా ఉంటది. తీయబోతే మూలుగుద్ది. నిన్నంతా ముద్ద ముట్టలేదు. నేనూ మంచం పక్కన కింద కూర్చుని బతిమాలి రెండు ముద్దలు పెట్టా."

బల్ల మీదికెక్కించి పరీక్ష చేశాను. అల్ట్రాసౌండ్‌లో కడుపు ఖాళీగానే ఉంది. దీన్ని ఫాల్స్ ప్రెగ్నెన్సీ అంటాం. ఎద ముగిశాక కడుపు నిలిచినా నిలవకపోయినా ఆడకుక్క ఒంట్లో హార్మోన్లు ఒకేలా పనిచేస్తాయి. కొన్నిటి ఒళ్ళు కడుపు నిలిచిందనే పూర్తిగా నమ్మేస్తుంది. పాలు పడతాయి, గూడు కట్టుకుంటాయి, చేతికందిన వస్తువును పిల్ల అనుకుని సాకుతాయి. కొన్ని వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది. ఆ మాటే చెప్పాను.

"ఇలా అవడం ఇది మూడోసారండీ" అంది స్టెల్లా. "ఈసారి స్పేయింగ్ చేయించేద్దాం. నేనెప్పటినుంచో చెప్తున్నాను."

నా సలహా కూడా అదే. నాలుగేళ్ళు నిండాయి, ఎముకలు ఎదిగిపోయాయి, ఇక ఆగి సాధించేదేమీ లేదు. అయితే పాలు ఉండగా చేయకూడదు. పాలు తగ్గి, ఇంకో రెండు నెలలు పోయాక, సంక్రాంతి దాటాక రమ్మన్నాను.

"వద్దమ్మా" అన్నారు సుగుణమ్మ గారు.

"అమ్మా, ప్రతిసారీ ఇదే గొడవ!"

"ఒక్క కాన్పయినా కానియ్యవే. ఆ తరవాత మీ ఇష్టం."

ఈ మాట నాకు కొత్త కాదు. ఆడకుక్క ఒక్కసారైనా ఈనితేనే ఆరోగ్యంగా ఉంటుందని చాలామంది నమ్ముతారు. దానికి వైద్యంలో ఆధారం లేదని చెప్పాను. ఈనినా ఈనకపోయినా వయసు పైబడేకొద్దీ గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం ఉంటుందని, దాన్ని పయోమెట్రా అంటారని, అది ప్రాణం మీదికి తెస్తుందని వివరంగా చెప్పాను. ఆవిడ తల వంచుకుని అంతా విన్నారు. జూలీ చెవి వెనక గోకుతూనే ఉన్నారు.

"ఆరోగ్యం కోసం అనట్లేదమ్మా నేను" అన్నారు చివరికి. "నాకు ఇరవై మూడో ఏట గర్భసంచి తీసేశారు. నాట్లేసే రోజుల్లో పొత్తికడుపులో ఒకటే నొప్పి. పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. తీసేయకపోతే కేన్సరొచ్చుద్దన్నారంట. నాతో అనలేదు. మా ఆయనతో, మా అత్తతో అన్నారు. నేనక్కడే మంచం మీదున్నా. నన్నడిగినోళ్ళు లేరు. మెలకువొచ్చేసరికి అయిపోయింది. మా స్టెల్లాకప్పుడు నాలుగేళ్ళు. ఇంకొక బిడ్డని కందామనుకున్నా. పేరు కూడా అనుకున్నానమ్మా."

స్టెల్లా తల్లి వైపు తిరిగింది. "నిన్నడగలేదని నాకెప్పుడూ చెప్పలేదే."

"చెప్తే ఏం చేస్తావులే" అన్నారావిడ. తరవాత నాతో, "ఇది నోరు లేనిది. దీన్ని అడగలేం కదా. అడక్కుండా నేను మాత్రం సరే అనలేనమ్మా. కోపగించుకోకండి" అన్నారు.

కోపం ఎలా వస్తుంది? ఊళ్ళలో గేదెల వైద్యానికి తిరిగిన రోజుల్లో కొట్టాల దగ్గర ఆడవాళ్ళు ఈ ఆపరేషన్ గురించి మాట్లాడుకోవడం చాలాసార్లు విన్నాను. ఫలానా ఆవిడకి అయింది, ఫలానా ఆవిడ కోడలికి అయింది అని, నలతగా ఉంటే టానిక్ తాగినంత మామూలుగా చెప్పుకునేవాళ్ళు. ఎవరికి అవసరమై చేశారో, ఎవరికి కాకుండానే చేశారో ఆ మాటల్లో తేలేది కాదు. సుగుణమ్మ గారిది ఏదో నాకు తెలియదు. కుక్కకూ మనిషికీ తేడా ఉందని, అడక్కుండా మనిషికి చేయడం వేరు, మంచి కోరి జంతువుకి చేయించడం వేరని వాదించవచ్చు. ఆ వాదన నిజమే. కానీ ఆ క్షణంలో అది ఆవిడకి ఇంకో డాక్టరు చెప్పే ఇంకో మాట మాత్రమే అయ్యేది.

అందుకని నా సలహా మారలేదని స్పష్టంగా చెప్పి, ఒత్తిడి చేయలేదు. దానికి బదులు జాగ్రత్తలు చెప్పాను. ఎద అయిపోయిన నెలా రెండు నెలల్లో గమనించమన్నాను. నీళ్ళు మామూలు కంటే ఎక్కువ తాగడం, మాటిమాటికీ మూత్రానికి పోవడం, తిండి మానేయడం, వాంతులు, కింద నుంచి చీములాంటిది కారడం. వీటిలో ఏది కనబడినా ఆలస్యం చేయకుండా తీసుకురావాలి. చీము ఒక్కోసారి బయటికి రాకుండా లోపలే ఉండిపోతుంది, అది ఇంకా ప్రమాదమని చెప్పాను. ఆవిడ ఒక్కొక్కటే తిరిగి నాకు అప్పజెప్పారు. బయటికి వెళ్తున్నప్పుడు స్టెల్లా వెనకబడి, "ఒప్పుకోదండీ. ఏం చేయను?" అంది.

"అమ్మతో మాట్లాడు. కుక్క గురించి కాదు" అన్నాను.

తరవాతి ఎద వేసవి మొదట్లో వచ్చింది. సుగుణమ్మ గారు అన్నంత పనీ చేశారు. ఉయ్యూరులో తెలిసినవాళ్ళ మగ లాబ్రడార్ దగ్గరికి జూలీని తీసుకెళ్ళారు. పుట్టబోయే పిల్లలు ఎవరెవరికో కూడా చర్చిలో తోటివాళ్ళతో మాట్లాడి పెట్టుకున్నారట. నెల దాటాక స్కాన్‌కి వచ్చారు. ఆవిడ స్క్రీన్ వైపే చూస్తూ నిలబడ్డారు. గుండె చప్పుళ్ళు కనబడాల్సిన చోట ఏమీ లేదు. గర్భసంచి గోడ మాత్రం కొంచెం మందంగా ఉన్నట్టు అనిపించింది.

"నిలవలేదండీ" అన్నాను.

ఆవిడ జూలీ పొట్ట మీది జెల్ కొంగుతో తుడిచారు. "పోనీలే. దాని వంతు దానికిచ్చాం" అన్నారు.

నీళ్ళ సంగతి గుర్తు చేశాను. ఆ గోడ మందం నాకు నచ్చలేదని, ఇంకొన్ని వారాలు కళ్ళలో ఒత్తులేసుకుని చూడాలని చెప్పి పంపాను.

మే నెలలో ఒక ఉదయం ఫోన్ వచ్చింది. ఎప్పుడూ స్టెల్లానే చేసేది. ఆ రోజు సుగుణమ్మ గారే చేశారు.

"డాక్టరమ్మ గారూ, జూలీ నీళ్ళు తాగుతా ఉందండీ. గిన్నె నింపుతుంటే ఖాళీ చేసేస్తంది. ఎండలకి తాగుద్దిలే అంటున్నాడు మా ఆయన. ఎండైతే మధ్యాహ్నం తాగాల గదా. తెల్లారగట్ట చల్లగా ఉన్నప్పుడూ తాగుతంది. ముద్ద పెడితే మొహం తిప్పేసింది."

"కింద నుంచి ఏమైనా కారుతోందా?"

"ఏం లేదమ్మా. అదే నాకు భయంగా ఉంది."

వెంటనే బయల్దేరమన్నాను. భార్యాభర్తలిద్దరూ జూలీని ఆటోలో పడుకోబెట్టుకుని వచ్చారు. ప్రకాశం గారిని చూడటం అదే మొదటిసారి. ఎండకి నల్లబడిన పొడగరి, చేతుల్లో కుక్కని పసిబిడ్డలా ఎత్తుకుని లోపలికి తెచ్చారు. జ్వరం ఉంది. పొట్ట ఉబ్బి, ముట్టుకుంటే గట్టిగా తగిలింది. స్కాన్ చేస్తే నేను అనుకున్నదే కనబడింది. కుక్క గర్భసంచి రెండు కొమ్ములుగా చీలి ఉంటుంది. ఆ రెండూ చీముతో లావెక్కి, ఒకదాని మీద ఒకటి మడతలు పడి ఉన్నాయి. ముఖద్వారం మూసుకుపోయి ఉంది. బయటికి చుక్క రాదు. రక్తపరీక్షలో మూత్రపిండాలకి కూడా దెబ్బ తగులుతున్నట్టు తేలింది.

పయోమెట్రాలో వెంటనే కత్తి పట్టుకోకూడదు. సెలైన్ ఎక్కించి, యాంటీబయాటిక్ ఇచ్చి, మత్తు తట్టుకునే స్థితికి తేవాలి. అందుకు కొంత వ్యవధి పడుతుంది. ఆ వ్యవధిలో సుగుణమ్మ గారిని నా ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. స్టెల్లాకి డ్యూటీ. ఫోన్‌లో ఉంది, స్పీకర్ పెట్టాం.

"అమ్మా, ఆలోచించకు. డాక్టరు గారు చెప్పినట్టు చేసెయ్" అంది స్టెల్లా.

"ఉండవే. నన్నడగనీ" అన్నారావిడ. నా వైపు తిరిగారు. "అసలేమైందో చెప్పండమ్మా. నాకర్థమయ్యేటట్టు చెప్పండి."

ఒక కాగితం మీద గర్భసంచి బొమ్మ వేశాను. కొమ్ములేవో, ముఖద్వారం ఏదో, చీము ఎక్కడుందో చూపించాను. ఆవిడ ఆ కాగితాన్ని తన వైపు తిప్పుకుని వేలితో గీతల వెంట వెళ్ళారు.

"తీయకుండా మందులతో తగ్గదా?"

"ద్వారం తెరుచుకుని ఉంటే కొన్ని కుక్కలకి ఇంజక్షన్లతో ప్రయత్నించవచ్చు. దీనికి మూసుకుపోయింది. జ్వరం ఉంది. మందులతో ఆగితే సంచి లోపలే పగలవచ్చు. పగిలితే బతకదండీ."

"తీస్తే బతుకుద్దా?"

"ఎక్కువ కుక్కలు బతుకుతాయి. మీరు తొందరగా తెచ్చారు, అది మంచిదైంది. కానీ నీరసంగా ఉంది. మత్తులో ఉండగా ఏమైనా జరగవచ్చు. తప్పకుండా బతుకుతుందని నేను మాటివ్వలేను."

"మొన్న చలికాలంలో మీరు చెప్పినప్పుడే తీయించుంటే?"

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. "తీయించి ఉంటే ఈ జబ్బు వచ్చేది కాదు" అన్నాను. ఆవిడని ఊరడించడానికి అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేదు.

ఆవిడ తలాడించారు. కళ్ళు తుడుచుకోలేదు. బొమ్మలో కొమ్ముల చివర నేను గీసిన రెండు చిన్న గుండ్రాల మీద వేలు పెట్టారు. "ఇవేంటమ్మా?"

"అండాశయాలు. హార్మోన్లు తయారయ్యేది వీటిలోనే. వీటినీ తీసేయాలి. ఉంచితే మళ్ళీ ఎదకు వస్తుంది, కోయగా మిగిలిన గర్భసంచి మొదలులో మళ్ళీ చీము పట్టవచ్చు."

"ఇవి తీసేస్తే ఒంటికేమవుద్ది?"

"కుక్కకి పెద్దగా ఇబ్బంది ఉండదు. కొంచెం ఒళ్ళు చేస్తుంది. కొన్నిటికి వయసు మీద పడ్డాక నిద్రలో మూత్రం కారుతుంది, దానికి మందులున్నాయి."

"మరి ఆడమనిషికి?"

నేను పెన్ను కింద పెట్టాను. "సుగుణమ్మ గారూ, నేను మనుషుల డాక్టర్ని కాదు. నాకు తెలిసినంత వరకు చెప్తాను. చిన్న వయసులో ఇవి రెండూ తీసేస్తే, యాభై దగ్గర రావలసినవన్నీ అప్పుడే వస్తాయి. ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఎముకలు డొల్లబారడం."

ఆవిడ తన ఎడమ మణికట్టు పట్టుకున్నారు. కిందటేడు గట్టు మీద జారి, చిన్నపాటి జారుడికే ఆ ఎముక విరిగిందని స్టెల్లా ఒకసారి చెప్పింది.

"ఆపరేషన్ అయిన ఏడాదే మొదలైందమ్మా మంటలు" అన్నారు. "చలికాలంలో కూడా పైటకొంగు తడుపుకుని మీదేసుకునేదాన్ని. గాలి సోకిందని మా అత్త తాయెత్తు కట్టించింది. పాస్టరు గారు నూనె రాసి ప్రార్థన చేశారు. నాకేదో పిచ్చి పట్టిందనుకున్నాను. పిల్లని చూసుకోవాలి గదా అని ఎవరికీ చెప్పడం మానేశా. ఇవి కూడా తీసేశారేమో నావి?"

"అది నేను చెప్పలేనండీ. స్కాన్ చేస్తే తెలియవచ్చు."

"అమ్మా, నేను తీసుకెళ్తాను. నేనే తీసుకెళ్తాను" అంది స్టెల్లా ఫోన్‌లో.

సెలైన్ పూర్తవుతోంది. ఇక ఆలస్యం చేయడానికి లేదు. ఆపరేషన్‌కి ముందు కుక్క యజమాని అంగీకారపత్రం మీద సంతకం చేయాలి. నేను కాగితం బల్ల మీద పెట్టగానే ఇంతసేపూ గోడ పక్కన నిలబడి ఉన్న ప్రకాశం గారు అలవాటుగా ముందుకొచ్చి పెన్ను తీసుకున్నారు.

"నేను పెడతా" అన్నారు సుగుణమ్మ గారు.

ఆయన పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయారు. తరవాత ఆవిడ చేతికిచ్చారు. ఆవిడ తన పేరు ఒక్కో అక్షరం నెమ్మదిగా రాశారు. రాసి, జూలీ దగ్గరికి వెళ్ళి, దాని మూతి రెండు చేతుల్లోకి తీసుకుని, నేను బొమ్మలో చూపించినదంతా దానికి చెప్పారు. నీ కడుపులో చీము చేరింది, అది తీయకపోతే చచ్చిపోతావు, అందుకని తీస్తున్నారు, మత్తిస్తారు, నొప్పి తెలియదు, నేను బయటే ఉంటాను. ఒక్క ముక్క వదల్లేదు. నా సహాయకురాలు నా వైపు చూసింది. ఆగమని సైగ చేశాను.

ఆపరేషన్ మామూలు స్పేయింగ్ లాంటిది కాదు. ఆరోగ్యంగా ఉన్న కుక్క గర్భసంచి చిటికెన వేలంత ఉంటుంది. జూలీది నా ముంజేయంత లావైంది. గోడ పలచబడి, కొంచెం గట్టిగా పట్టుకుంటే చిరిగేట్టుంది. రెండు అరచేతులతో కింద నుంచి ఎత్తి, అంగుళం అంగుళం బయటికి తీసి, రక్తనాళాలు ముడివేసుకుంటూ వచ్చాను. మధ్యలో ఒకసారి గుండె వేగం పడిపోయింది. మత్తు తగ్గించి, ఇంజక్షన్ ఇచ్చి, చేతులు కదపకుండా ఎదురుచూశాం. మానిటర్ మీద అంకెలు మెల్లగా పైకి లేచాయి. చివరి ముడి వేసి సంచిని ట్రేలోకి దింపాక నా వీపు చెమటతో తడిసిపోయిందని తెలిసింది.

కుట్లు పూర్తయి, జూలీ శ్వాస కుదుటపడ్డాక బయటికొచ్చి చెప్పాను. ప్రకాశం గారు బెంచీ మీద కూలబడ్డారు. సుగుణమ్మ గారు లేచి నిలబడ్డారు.

"తీసింది చూడొచ్చా అమ్మా?"

తీసిన భాగాన్ని అడిగినవాళ్ళకి చూపించడం మాకు మామూలే. కొందరు ఫోటో కూడా తీసుకుంటారు. ఆవిడని లోపలికి తీసుకెళ్ళాను. స్టీలు ట్రేలో ఉన్నదాన్ని ఆవిడ దగ్గరగా వంగి చూశారు. కొమ్ములు, ద్వారం, అండాశయాలు, కాగితం మీద చూసినవన్నీ ఒక్కొక్కటిగా గుర్తుపట్టారు.

"నాది నాకు చూపించలేదమ్మా" అన్నారు. "నాదీ ఇలాగే పాడైపోయి ఉందా? మంచిదాన్నే తీశారా?"

"తెలియదండీ" అన్నాను.

"దీన్నేం చేస్తారు?"

"ఆసుపత్రి చెత్త వేసే పసుపు సంచిలో వేసి పంపుతాం. కాల్చేస్తారు."

"ఒక్క నిమిషం ప్రార్థన చేసుకోనా?"

కొంగు తల మీదికి లాక్కుని, కళ్ళు మూసుకుని, ఆ ట్రే ముందు నిలబడి పెదాలు కదిలించారు. ఏం కోరుకున్నారో వినబడలేదు. గుమ్మం బయట ప్రకాశం గారు తలవంచుకుని నిలబడ్డారు. ఆవిడ జూలీ దగ్గరికి వెళ్ళాక ఆయన నాతో మెల్లగా అన్నారు. "మా ఆవిడ ఆపరేషన్ రోజు డాక్టరు గారు సంతకం పెట్టమన్నారు, పెట్టానండీ. ప్రాణానికి ప్రమాదమన్నారు. దాన్ని కూడా ఒక మాట అడగాలని నాకు తోచనే లేదు. ఇన్నేళ్ళలో అది నన్ను ఒక్కసారీ నిలదీయలేదు." ఆయన నా నుంచి ఏదో జవాబు ఆశించి అన్న మాట కాదది.

జూలీ కోలుకోవడం నిదానంగా జరిగింది. మొదటి రోజుల్లో మూత్రపిండాల భయం వదల్లేదు. రోజూ సెలైన్‌కి తెచ్చేవాళ్ళు. ఒక రోజు సుగుణమ్మ గారు గిన్నెలో తెచ్చిన పెరుగన్నం బల్ల కిందే నాకేసింది. ఆ తరవాత నేను గాబరాపడింది లేదు.

కుట్లు విప్పడానికి వచ్చిన రోజు స్టెల్లా కూడా వచ్చింది. తన ఆసుపత్రిలోనే గైనకాలజిస్టు దగ్గరికి తల్లిని తీసుకెళ్ళింది. స్కాన్‌లో రెండు అండాశయాలూ లేవు. ఎముకల పరీక్షలో వెన్నెముక బాగా బలహీనపడి ఉంది. మందులు మొదలుపెట్టారు, బరువులు మోయవద్దన్నారు. ఇరవై ఏళ్ళ కిందట ఆపరేషన్ చేసిన ఆసుపత్రి ఇప్పుడు లేదు. అవసరమై చేశారో లేదో చెప్పగలిగినవాళ్ళెవరూ లేరు.

"నాది తీయాల్సిందో కాదో ఇక తెలీదమ్మా" అన్నారు సుగుణమ్మ గారు, జూలీ తల ఒళ్ళో పెట్టుకుని. "ఏం తీశారో మాత్రం తెలిసింది. ఆ మంటలు పిచ్చి కాదని తెలిసింది. ఇరవై ఏళ్ళు నన్ను నేనే తిట్టుకున్నా."

స్టెల్లా తల్లి భుజం మీద చెయ్యి వేసి కిటికీలోంచి రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయింది. నేను కుట్లు విప్పడం మీద దృష్టి పెట్టాను. గాయం శుభ్రంగా మానింది.

ఆ మరుసటి ఏడు సుగుణమ్మ గారు తమ వీధిలో ఉండే ఒక పడుచు కోడల్ని వెంటబెట్టుకుని వచ్చారు. ఆ అమ్మాయి చంకలో చిన్న పామరేనియన్, ఇంకా ఎదకు రాలేదు. ఆపరేషన్ ఇప్పుడే చేయించాలా, ఆగాలా అని అడగడానికి వచ్చారు. అమ్మాయికి మొహమాటం, ప్రతి మాటకీ సుగుణమ్మ గారి వైపు చూస్తోంది. "నన్ను కాదు, ఆవిడనడుగు. ఎన్నయినా అడుగు, చెప్తారు. తెలిసిందాకా మాత్రం సంతకం పెట్టకు" అన్నారు సుగుణమ్మ గారు. ఆ అమ్మాయి చాలా అడిగింది. ఆ కుక్కకి తగిన వయసులోనే, ఏ ఇబ్బందీ లేకుండా స్పేయింగ్ అయిపోయింది.

ఎప్పుడు చేయించాలని అడిగేవాళ్ళకి ఈ రోజుకీ నేను చెప్పే వైద్యం అదే. అవసరం లేని ఆలస్యం ప్రాణం మీదికి తెస్తుంది. జూలీ విషయంలో దాదాపు తెచ్చింది. ఆ కథ విని ఆగడమే మంచిదని ఎవరూ అనుకోకూడదు. కానీ వద్దు అన్న మనిషి మూర్ఖంగా అంటోందని నేనిప్పుడు అనుకోను. ఆ వద్దు వెనక ఏముందో చెప్పుకోనిస్తాను. కాగితం మీద బొమ్మ వేస్తాను. ఏవి తీస్తామో, ఎందుకు తీస్తామో, తీశాక ఒళ్ళు ఎలా ఉంటుందో చెబుతాను. ఇంటి మగవాళ్ళు సంతకానికి ముందుకొస్తే, కుక్కకి రోజూ అన్నం పెట్టేది ఎవరని అడుగుతాను.

ఏ నెలలో చేయాలో వయసునీ, జాతినీ, ఎదనీ చూసి నేను చెప్పగలను. సరే అనే మాట మాత్రం నేను చెప్పగలిగేది కాదు. అది అవతలి మనిషికి అర్థమై, ఆ నోటి నుంచే రావాలి. అందుకు ఎంతసేపు పడితే అంతసేపు కూర్చుంటాను, లోపల ఉన్న జంతువు ఆగగలిగినంతవరకు.